ఫోను ముట్టనని వేసిన ఒట్టు

1988 అక్టోబరు 3, సోమవారం

ఈ డైరీ దాణా కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చాడు. ఇన్నాళ్ళూ డ్రాయరులో పడి ఉంది. ఇవాళ ఫర్కర్ దాన్ని తీసి నా ముందు పడేసి, "నా చెవిలో పోసేదంతా ఇందులో పోసుకో. పాపం దీనికి చెవులు లేవు" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన తనంతట తాను నాకిచ్చిన వస్తువులు తక్కువ. అందుకని రాస్తున్నాను.

నాకు రాత సరిగ్గా రాదు. పదకొండో ఏట బడి మానేశాను. అమ్మ మంచం పట్టింది. తప్పులు పోతే పోనీ, చదివేవాళ్ళెవరు.

ఇవాళ పొగగొట్టంలో ఏదో కదిలింది. పక్షి అయితే చస్తుంది, చస్తే వాసన. ఎర్రకోడి మేత ముట్టడం లేదు. ఇవి పెద్దవి కావు. పెద్దది వేరే ఉంది. మొన్న డాక్టరు ఫర్కర్ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మామూలుగా అంతసేపు వినడు. "ఇక మీదట కొండల్ని కింద నుంచి చూడండి ఫర్కర్, అక్కడి నుంచే అందంగా ఉంటాయి" అన్నాడు. ఫర్కర్ చొక్కా తొడుక్కుంటూ, "కింద నుంచి చూసేవాడికి కొండేం తెలుస్తుంది డాక్టరుగారూ" అన్నాడు. ఇంటి దాకా ఈల వేస్తూ నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఈల ఆగింది. ఊపిరి అందక ఆగింది. నేను గమనించలేదనుకున్నాడు.

మగదుప్పుల వేట ఇరవయ్యో తారీఖుతో ముగుస్తుంది. ముగిసిన మొదటి శనివారం ఆయనా, యుద్ధంలో తోడున్న స్నేహితుడు లాక్లనూ కొండవీపు ఎక్కుతారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడు మొదలు ఒక్కసారీ తప్పలేదు. చీకటితో బయల్దేరి గొర్రెతల దగ్గర ఎక్కాలి. రంపం మీదుగా, పెద్దామె మీదుగా నడిచి, రెండు కొనల నడుమ పల్లం, జీనులోకి దిగి, మళ్ళీ పాలకుండ ఎక్కి, పొద్దుగుంకేలోగా ఇల్లు చేరాలి. ఆ కొండ పేర్లన్నీ నాకు నా వంటింటి గిన్నెలంత బాగా తెలుసు. ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు.

ఈ ఏడు వెళ్ళడు. డాక్టరు చెప్పాడు కదా.

అక్టోబరు 5

లాక్లన్ వచ్చాడు. ఇద్దరూ పాక వెనక నిలబడి మాట్లాడుకున్నారు. నేను కోళ్ళ తొట్టితో అటు వెళ్ళగానే గొర్రెల ధర గురించి మాట్లాడారు. ఇద్దరికీ ఇప్పుడు ఒక్క గొర్రె లేదు.

అక్టోబరు 9, ఆదివారం

ప్రభువు దినాన రాయకూడదు. ఒక్క మాటే. చర్చిలో ప్రసంగం మధ్యలో ఫర్కర్‌కి దగ్గు వచ్చి బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. గోడ బయట సమాధిరాయి మీద కూర్చుని ఉన్నాడు.

అక్టోబరు 12, బుధవారం

పిండి కోసం దుకాణానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే బాగుండేది. డోలీనా తూకం వేస్తూ, అందరూ వినేలా, "ఏమే ఎఫీ, వేట అయిపోవస్తోంది. మా ఆయన బూట్లకి ఇప్పుడే నూనె రాసి పెట్టమంటావా, ఇంకా టైముందా?" అంది.

ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

డోలీనా మొగుడు మా లోయలో ఉత్తరాలు పంచుతాడు. కొండ మీద ఎవరైనా తప్పిపోతే వెతకడానికి వెళ్ళే దళంలో ఉన్నాడు. దళం అంటే ఎవరో కాదు, మేష్టారు, కంచెలు కట్టేవాళ్ళు, కానిస్టేబుల్ మన్రో, అందరూ మా వాళ్ళే. పోయిన ఏడు గాలి ఎదురు కొట్టి ఫర్కరూ లాక్లనూ అవతలి లోయలోకి దిగారు. అక్కడి సత్రంలో నిప్పు ముందు కాళ్ళు చాపుకుని విస్కీ తాగుతున్నారు. సత్రం ఫోను ఆ రోజే పాడైంది. నేను చీకటి పడీ పడకముందే మన్రోకి ఫోను చేశాను. వానలో దళమంతా కొండెక్కింది. డోలీనా మొగుడు రాళ్ళలో పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. క్రిస్మసు దాకా ఉత్తరాలు డోలీనాయే పంచింది.

అంతకు ముందు కూడా చేశాను. ఒకసారి ఫర్కర్ లాక్లన్ ఇంట్లో నిద్రపోతున్నాడు. ఇంకోసారి మా పాకలోనే నిద్రపోతున్నాడు.

పోయిన ఏడు దాని తర్వాత ఆయన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. జీవితమంతా ఎస్టేటు దొర దగ్గర వేట చూపించే పనిలో ఉండి, దారి తప్పిన పట్నంవాళ్ళని భుజాన వేసుకుని దించుకొచ్చిన మనిషి. "నన్ను వెతకడానికి మనుషులా" అని ఒక్కటే మాట అన్నాడు, అదీ కుక్కతో.

పిండి తూకం తక్కువొచ్చింది. అడగలేదు.

అక్టోబరు 15, శనివారం

వెళ్తున్నారు. రొట్టెలు కాలుస్తుంటే చెప్పాడు. లాక్లన్ బల్ల దగ్గర కూర్చుని కప్పులోకి చూస్తున్నాడు.

"డాక్టరు ఏం చెప్పాడు నీకు?" అన్నాను.

"నాకు డెబ్భై నాలుగని చెప్పాడు. అది నాకు ముందే తెలుసు."

"లాక్లన్, నువ్వయినా చెప్పు."

"నేను చెప్తే వింటాడా ఎఫీ? నా మాట వినే అలవాటుంటే నలభై మూడులో వీడికి తూటా తగిలేదే కాదు" అన్నాడు లాక్లన్.

ఫర్కర్ లోపలికి వెళ్ళి వాళ్ళమ్మ బైబిలు తెచ్చాడు. పెద్దది. మేము చావుకీ పుట్టుకకీ తీసేది. బల్ల మీది పిండిని మోచేత్తో జరిపి దాన్ని నా ముందు పెట్టాడు.

"చెయ్యి పెట్టు."

"దేనికి?"

"చీకటి పడినా, వాన పడినా, ఆ కొండే విరిగి పడినా, మర్నాడు తెల్లారి ఆరింటి దాకా ఫోను ముట్టను. ఆ మాట అను."

లాక్లన్ కప్పు దించాడు. "ఒట్లెందుకురా దరిద్రుడా. పాస్టరుకి తెలిస్తే ముగ్గుర్నీ వెలేస్తాడు."

"పాస్టరు చీలమండ విరగలేదు. నువ్వు టీ తాగు."

"ఆరింటికి ఇంకా తెల్లారదు కూడా" అన్నాను.

"అందుకే ఆరు. నువ్వు ఆరింటికి చెప్తే వెలుతురొచ్చేసరికి వాళ్ళు కొండ మీదుంటారు. చీకట్లో ఇంకెవడి కాలూ విరగదు. ఆలోచించే చెప్తున్నాను ఎఫీ. ఈ లోయలో తలెత్తుకు తిరగనియ్యి నన్ను."

"ఆ రాత్రంతా నేనేం చెయ్యను?"

"నిద్రపో. లోకంలో అందరూ రాత్రిపూట చేసేది అదే."

నవ్వుతూ అనలేదు. కళ్ళు చూస్తే తెలుస్తుంది. చెయ్యి పెట్టాను. పిండి చెయ్యి. అట్ట మీద తెల్లగా అంటుకుంది. అన్నాను, ఆయన చెప్పిన ముక్క ముక్కా.

లాక్లన్‌ని గేటు దాకా సాగనంపాను. "నేనుంటాను కదా ఎఫీ, వాణ్ణి నేను దించుకొస్తాను" అన్నాడు.

"నీకు మోకాలు లేదు."

"ఒకటుందిగా."

అక్టోబరు 20, గురువారం

మధ్యాహ్నం కొండ మీద తుపాకీ చప్పుడు వినిపించింది. ఈ ఏటికి అదే చివరిది. ఫర్కర్ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఎర్రకోడి చచ్చింది.

అక్టోబరు 21, శుక్రవారం

ఆకాశం నిర్మలంగా ఉంది. రేడియోలో కూడా బాగుంటుందనే చెప్పారు, మధ్యాహ్నం దాకా. మధ్యాహ్నం దాకా అన్నారని చెప్పాను. "మధ్యాహ్నానికి పెద్దామె మీదుంటాం" అన్నాడు. అది జవాబా?

ఓట్ రొట్టెలు, జున్ను, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కుకి టీ. సంచి అడుగున రెండో ఉన్ని బనీను పెట్టాను. తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టాను. "గాడిద బరువు మోయించకు" అని మళ్ళీ తీశాడు. ఆయన పడుకున్నాక ఇంకోసారి పెట్టాను. రొట్టెల కింద, గుడ్డ చుట్టి.

ఆయన గురక పెడుతుంటే లెక్కపెడుతూ పడుకున్నాను. గురక ఆగితే లేస్తాను.

అక్టోబరు 22, శనివారం

వెళ్ళారు. ఇంకా చీకటే. లాక్లన్ చేతిలో లాంతరు. గేటు దగ్గర ఫర్కర్ వెనక్కి తిరిగి, "ఆరు" అన్నాడు. వెళ్ళొస్తాననలేదు.

గంజి అడుగంటింది.

గొర్రెతల మీద కనిపించారు. ఆయన వేటకి వాడే పాత దూరదర్శిని కిటికీ గట్టు మీద ఆనించి చూస్తున్నాను. రెండు చీమలు. ఏది ఎవరో నాకు తెలుసు. ముందు నడిచేది ఎప్పుడూ ఆయనే.

రంపం మీద ముందున్న చీమ ఆగుతోంది. నడుస్తుంది, ఆగుతుంది. వెనకది కూడా ఆగుతుంది, దగ్గరికి రాదు. లాక్లన్ మంచివాడు.

పాలు కాగబెట్టి వచ్చేసరికి కనపడలేదు. తర్వాత మళ్ళీ కనిపించారు.

పెద్దామె కొన మీద ఉన్నారు. ఏటా అక్కడి నుంచి టోపీ ఊపుతాడు, నేను చూస్తానని తెలుసు. ఊపాడు. నేనూ చెయ్యి ఊపాను. ఆయనకి కనపడదు. కూర్చున్నారు. తింటున్నారు. బనీను కనిపెట్టి ఉంటాడు. తిట్టుకుంటూ ఉంటాడు.

మబ్బు. పాలకుండ వైపు నుంచి వచ్చింది. ముందు పాలకుండ పోయింది, తర్వాత జీను, తర్వాత పెద్దామె. ఇప్పుడు ఏమీ లేదు, గోడ.

పర్వాలేదు. ఆయనకి ఆ కొండ కళ్ళు మూసుకున్నా తెలుసు.

టీ తాగాక గడియారం గంట వెనక్కి తిప్పాను. చలికాలం ముందు దేశమంతా తిప్పే రాత్రి ఇదే. అర్ధరాత్రి దాటాక తిప్పాలి గానీ అప్పటికి ప్రభువు దినం వస్తుంది, ఆ రోజు గడియారం ముట్టం. మా అమ్మ కూడా శనివారం సాయంత్రమే తిప్పేది.

చీకటి పడింది.

అవతలి లోయలోకి దిగి ఉంటారు. పోయిన ఏడులాగే. సత్రంలో నిప్పు ముందు కూర్చుని ఉంటారు. నా గురించి చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటారు. సత్రానికి ఫోను చేసి కనుక్కుంటే? అదీ ఫోను ముట్టడమే.

డోలీనా ఇంటికి నడిచి వెళ్ళి చెప్పొచ్చు. అది ఫోను ముట్టడం కాదు. కోటు వేసుకున్నాను. గేటు దాకా వెళ్ళాను. ఇలాంటి తెలివితేటలకి దేవుడు మోసపోతాడా? పిండి చేత్తో ఒట్టు వేశాను, ఆ మాటలోకి ఇదీ వస్తుంది. పైగా సత్రంలో ఉంటే ఏమవుతుంది. డోలీనా మొగుడు ఇంకో కాలు విరగ్గొట్టుకుంటే. వెనక్కి వచ్చాను.

వానలో మంచు కలిసి కిటికీకి కొడుతోంది. కుక్క తలుపు దగ్గరే ఉంది.

దీపం ఆర్పలేదు. సత్రంలోనే ఉన్నారు.

సత్రంలోనే.

అక్టోబరు 23, ఆదివారం

ఆరు కొట్టింది. చేశాను.

అక్టోబరు 29, శనివారం

నిన్న పాతిపెట్టారు.

ఆడవాళ్ళం ఇంట్లోనే ఉన్నాం, మా వైపు అంతే కదా. మగవాళ్ళు పేటికని భుజాలు మార్చుకుంటూ శ్మశానం దాకా మోశారు. కిటికీ తీసి ఉంచాను. మలుపు తిరిగే దాకా కీర్తన వినిపించింది. తల దగ్గరి తాడు కొడుకు పట్టుకోవాలి. మాకు కొడుకు లేడు. లాక్లన్‌కి ఇచ్చారట. తాడు వాడి చేతుల్లోంచి జారుతుంటే, గోతిలోకి దించేటప్పుడు మన్రో వెనక నుంచి పట్టుకోవాల్సి వచ్చిందట. డోలీనా చెప్పింది. డోలీనా మూడు రోజులుగా ఇక్కడే ఉంది, అంట్లు తోముతోంది, ఒక్క హాస్యమూ లేదు.

ఆదివారం పొద్దున దళం ఎక్కుతుంటే లాక్లన్ ఎదురొచ్చాడు, ఒక్కడే, నాలుగు కాళ్ళ మీద దిగినట్టు దిగాడు. జీనులో రాళ్ళ చాటున ఫర్కర్ ఉన్నాడని చెప్పాడు. కాలు విరిగి ఉంది. తెల్లవారకముందే అయిపోయిందన్నాడు.

అందరూ వచ్చి ఒకే మాట అంటున్నారు. ఒట్టు ఒట్టే, నువ్వు చేసింది సరైన పనే. పాస్టరు కూడా అన్నాడు, ఒట్టు వేయడం మంచిది కాదు గానీ వేశాక నిలబెట్టుకోవడమే ధర్మమని. మన్రో అన్నాడు. మేష్టారు అన్నాడు. డోలీనా నా భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి బాగా ఓపిక పట్టావు ఎఫీ" అంది. అనేసి, నోటి మీద గుడ్డ పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది.

లాక్లన్ మాత్రం రాలేదు. పాతిపెట్టి నేరుగా వాడింటికి వెళ్ళాడు.

నవంబరు 1

ఏ ఆరు?

ఒట్టు వేసిన రోజు ఆరు పాత ఆరు. గంట వెనక్కి తిప్పిన గడియారంలో అప్పటికి అయిదు. నేను కొత్త ఆరు దాకా కూర్చున్నాను. ఒక గంట ఎక్కువ కూర్చున్నాను. ఫర్కర్ ఉద్దేశంలో ఏ ఆరు ఉందో అడగలేదు. ఆయనకి గడియారం సంగతి గుర్తుండి ఉండదు. ఆ గంటే. ఆ ఒక్క గంటలోనే జరిగి ఉంటుంది.

డాక్టరుని అడిగాను. గంట అటూ ఇటూ అయితే తేడా వచ్చేదా అని. గొట్టం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఆ గంటతో తేడా ఉండేది కాదమ్మా" అన్నాడు.

"ఆ గంటతో" అన్నాడు. సరే.

నవంబరు 3

ఆ గంట గురించే ఆలోచిస్తున్నాను.

నవంబరు 5, శనివారం

లాక్లన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి రావాలో వద్దో తెలియనట్టు బూట్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. "చాల్లే, చాప చిరుగుతుంది" అన్నాను. వచ్చి కూర్చున్నాడు. ఫర్కర్ కుర్చీలో కాదు, పక్కది.

టీ పోశాను. తాగలేదు.

"ఎలా జరిగిందో అడగవేం ఎఫీ?"

"నువ్వే చెప్తావనుకున్నాను."

"గొర్రెతల దాకా మాట్లాడుతూనే ఎక్కాడు. నిన్ను తిడుతూ. రంపం మీద మాటలు తగ్గాయి. నాలుగడుగులు వేసేవాడు, ఆగేవాడు. ఊపిరి కోసం ఆగి, కొండ చూస్తున్నట్టు నటించేవాడు. 'అదిగోరా, ముప్పై ఏడులో పన్నెండు కొమ్మల దుప్పిని కొట్టింది అక్కడే' అనేవాడు. కొట్టింది అక్కడ కాదు. నేను ఊఁ అనేవాణ్ణి. ఒక్కొక్కచోట ఆగి ఒక్కొక్క దుప్పిని చూపించాడు. వాడు చెప్పినన్ని దుప్పులు ఈ దేశంలో లేవు."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"పెద్దామె మీద కూర్చుని తిన్నాం. నీకు టోపీ ఊపాడు. కింద దుప్పులు అరుస్తున్నాయి. ఇక చాలురా, ఇటే దిగిపోదాం, దారి మెత్తగా ఉంటుంది అన్నాను. 'పాలకుండ మిగిలిపోతుంది' అన్నాడు. పాలకుండ ఎక్కడికీ పోదురా అన్నాను. 'అది పోదు, నేను పోతాను' అన్నాడు. ఇంక నేనేమనను?"

"ఏమీ అనలేవు" అన్నాను.

"జీనులోకి దిగేచోట ఆ పలకరాయి ఉంది చూడు. నీకు తెలీదులే. మబ్బు కమ్మింది, రాయి తడిసింది. ముందు వాడే దిగాడు. పడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నేను వెళ్ళేసరికి కూర్చునే ఉన్నాడు. కాలు మాత్రం ఉండాల్సినట్టు లేదు. 'నా కాలేరా, డోలీనా మొగుడిది కాదు కదా, నయం' అన్నాడు."

"అప్పటికింకా వెలుతురుందా?"

లాక్లన్ కప్పుని అటూ ఇటూ తిప్పాడు.

"ఉంది."

"ఎంత?"

"చాలా ఉంది."

"మరి నువ్వు దిగి రాలేదేం?"

"దిగుతానన్నాను ఎఫీ. రాళ్ళ చాటుకి ఈడ్చి, నా కోటు కప్పి, లేచాను. వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. 'నీ మోకాలితో ఈ మబ్బులో దిగేసరికి నడిరాత్రవుతుంది, అసలు దిగితే. ఈలోగా ఒక్కణ్ణే ఉంటే గడ్డకట్టుకుపోతాను. ఇద్దరం ఆనుకుని కూర్చుంటే వెచ్చగా ఉంటుంది. కింద ఎఫీ ఉంది కదరా' అన్నాడు."

నేను కెటిల్ దగ్గరికి వెళ్ళాను. అందులో నీళ్ళున్నాయి. మళ్ళీ వచ్చాను.

"నేను ఒట్టు గుర్తు చేశాను" అన్నాడు లాక్లన్. "దేవుడి సాక్షిగా గుర్తు చేశాను. బైబిలు మీద చెయ్యి పెట్టించావు కదరా దరిద్రుడా అన్నాను. వాడు నవ్వాడు. సంచిలో చెయ్యి పెట్టి ఆ బనీను బయటికి లాగాడు. 'చూడు. రెండుసార్లు తీసి బల్ల మీద పెట్టాను. మూడోసారి రొట్టెల కింద దాచింది. ఇది నా మాట వినే మనిషా? చీకటి పడకముందే లోయ మొత్తాన్నీ లేపేసి ఉంటుంది. బైబిలు కాదు, మోషే దిగొచ్చి చెప్పినా ఆగదు' అన్నాడు. నాకూ నిజమేననిపించింది. నువ్వు ఊరుకుంటావని నేనూ అనుకోలేదు ఎఫీ. నీ సంగతి తెలిసిన వాళ్ళెవరైనా అనుకుంటారా?"

నేను బల్ల మీది రొట్టె పొడి చేత్తో ఊడ్చాను.

"బనీను తొడిగాను. వీపూ వీపూ ఆనించి కూర్చున్నాం. దీపాల కోసం చూశాం. 'మన్రో బూట్లు వేసుకుంటూ ఉంటాడు' అన్నాడు. కాసేపటికి, 'ఇప్పుడు వంతెన దాటుతుంటారు' అన్నాడు. ఎక్కడెక్కడికి వచ్చారో చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారి మబ్బు విడింది. మీ ఇంటి దీపం కనిపించింది. 'చూశావా, మేలుకునే ఉంది. వాళ్ళకి టీ కాస్తోంది' అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు ఎఫీ."

"ఎప్పటిదాకా అన్నాడు ఆ మాటలు?"

"చివరిదాకా. చివర్లో మాట ముద్దయిపోయింది. 'వచ్చేశారు' అన్నాడు. నేను లేచి నిలబడి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ కూర్చుంటే వాడి వీపు బరువుగా ఆనింది."

లాక్లన్ టీ చల్లారింది. పారబోసి వేరేది పోశాను. పంచదార వెయ్యడం మర్చిపోయాను. గడగడా తాగేశాడు.

"నీకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

"అవును" అన్నాను.

నవంబరు 6

ప్రభువు దినం. రాయను.

నవంబరు 8

పొగగొట్టంలో చప్పుడు మళ్ళీ వినిపిస్తోంది. ఉండనీ. పాక తలుపు గాలికి కొట్టుకుంటోంది. కుక్క రాత్రి ఇంటికి రాలేదు, పొద్దున వచ్చింది. ఎక్కడికి వెళ్ళిందో వెతకలేదు. రాదని కూడా అనుకోలేదు, వస్తుందని కూడా అనుకోలేదు.

డోలీనా వచ్చి పొయ్యి ఆరిపోయి ఉందని కేకలేసింది. తనే అంటించింది. "ఇల్లు తగలబడుతుందని రోజుకి పదిసార్లు పొయ్యి చూసుకునేదానివి కదే" అంది.

చూసుకునేదాన్ని.

నవంబరు 10

మెచ్చుకోలుగా అన్నాడట.

నవంబరు 12, శనివారం

పొద్దు కుంకబోతుంటే మన్రోకి ఫోను చేశాను. ఫర్కర్ ఇంకా కొండ దిగలేదని చెప్పాను.

ఆయన, "ఎఫీ గారూ, పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. లేరన్నాను. కారేసుకుని వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా వయసులో సగం ఉండదు, పిల్లలున్నవాడు.

"ఫర్కర్‌ని మనం పోయిన నెల..." అన్నాడు.

"తెలుసు. కిటికీ దగ్గర నిలబడి కీర్తన విన్నాను."

"మరి ఫోను?"

"చీకటి పడబోయింది."

రొట్టె పెడితే తిన్నాడు. వెళ్తూ పాక తలుపు గడియ వేసి వెళ్ళాడు.

నవంబరు 19, శనివారం

చేశాను. మన్రో ఏమీ వివరించలేదు. "సరే ఎఫీ గారూ" అన్నాడు.

నవంబరు 22

డోలీనా, లాక్లన్ నడవలో గుసగుసలాడారు. వినబడింది. ఫోను తీయించెయ్యాలని డోలీనా అంటోంది. "ఇదేనా, ఇంకా ముదురుతుందా? ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా నీకు?"

"ఊరు మొన్నటిదాకా ఇంకోటనుకునేది" అన్నాడు లాక్లన్. "దాని ఫోను జోలికి వెళ్ళకు డోలీనా. చెప్తున్నాను."

లాక్లన్ ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు.

నవంబరు 26, శనివారం

చేశాను.

డిసెంబరు 3, శనివారం

రాత్రి మంచు పడింది. ఇవాళ ఆకాశంలో మచ్చలేదు. గొర్రెతల నుంచి పాలకుండ దాకా మొత్తం తెల్లగా కనిపిస్తోంది. దూరదర్శిని పెట్టెలో పెట్టేశాను, తియ్యలేదు.

లాక్లన్ మధ్యాహ్నం వచ్చాడు. శనివారాలు వస్తున్నాడు. ఉప్పు చేపా బంగాళాదుంపలూ తిన్నాం. నేను సరిగ్గా ఉడికించలేదు, వాడు మిగల్చకుండా తిన్నాడు. డోలీనా చెల్లెలి పెళ్ళిలో ఎవరో తాగి పడ్డ కథ చెప్పాడు. మధ్యలో ఆపేశాడు. కొండ అంచు మీద ఎండ పసుపు రంగుకి తిరుగుతోంది.

"ఈ వేళకి మానరాదూ ఎఫీ" అన్నాడు.

"ఎందుకు మానాలి?"

"వాడు లేడు."

"అది నాకు తెలీదనుకుంటున్నావా లాక్లన్?"

నడవలోకి వెళ్ళాను. లాక్లన్ కూడా లేచాడు. ఆపడానికేమో అనుకున్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మన్రోనండీ."

"నేను, ఎఫీని. ఫర్కర్ ఇంకా దిగలేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. పిల్లలెవరో అరుస్తుంటే ఊరుకోమన్నాడు.

"ఎక్కడ ఉండొచ్చంటారు ఎఫీ గారూ?"

ఈ ప్రశ్న ఇంతకు ముందు అడగలేదు.

"జీనులో. రాళ్ళ చాటున. కాలు విరిగింది. లాక్లన్ పక్కనే ఉన్నాడు."

"మనుషుల్ని లేపుతున్నాను."

"ఆయనకి ఊపిరి సరిగ్గా ఆడదు. తొందరగా వెళ్ళమనండి."

"తొందరగానే వెళ్తారమ్మా."

ఫోను పెట్టేశాను. బయట ఇంకా వెలుతురుంది.